తలుపు పక్క సీటు

ఆమె పోయిందని బాషన్న చెప్పాడు.

బాషన్న మా కంపెనీ బస్సు డ్రైవరు. పొద్దున పెనుకొండలో మమ్మల్ని ఎక్కించుకొని, సోమందేపల్లిలో ఇంకొందరిని ఎక్కించుకొని, హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీ గేటు ముందు దించుతాడు. సాయంత్రం మళ్ళీ తెచ్చి వదులుతాడు. ఆ రోజు నేను మెట్టు ఎక్కుతుంటే అద్దంలో నన్ను చూసి, "పాపా, మీ అక్క పోయిందంట. ధర్మవరంలో. మొన్న" అన్నాడు.

"ఏ అక్క?" అని అడిగాను.

మా బస్సులో 'మీ అక్క' అంటే ఒక్కతే. తెలిసి కూడా అడిగాను. ఇంకాసేపు తెలియనట్టు ఉందామని.

ఆమె పేరు రాయను. ఆమెను అడగకుండా రాయడం బాగుండదు, ఇప్పుడు అడగడానికి లేదు. నాకు రాయడం కూడా కొత్త. ఐదో తరగతిలో ఆవు గురించి రాసిన తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆమె చేతుల దగ్గర మొదలుపెడుతున్నాను.

ఆమె చెకింగ్ టేబుల్ దగ్గర పని చేసేది. మేము కుట్టిన పసిపిల్లల చొక్కాలు ఆ టేబుల్ మీదికి గుట్టలుగా పోతాయి. ఒక్కొక్కటి తీసి, పైన చూసి, తిరగేసి లోపలి కుట్టు చూసి, దారపు కొసలు కత్తిరించి పంపాలి. ఏళ్ళ తరబడి అదే చేసి చేసి ఆమె చేతులు ఇక ఆగేవి కావు. మనతో మాట్లాడుతూనే మన జాకెట్టు చేతి అంచు పట్టుకొని తిరగేసేది. అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నప్పుడు బెదిరిపోయాను. "ఏం లేదులే పాపా, కుట్టు చూస్తాండా" అంది. మా లైనులో ఒక పిల్ల పెళ్ళికి అందరం పోయాం. అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కి, ఆమె పెళ్ళికొడుకు కోటు అంచు తిరగేసి చూసింది. ఆ అబ్బాయి నవ్వాడు. వాళ్ళమ్మ నవ్వలేదు.

మాటలనూ అట్లాగే చూసేది. ఎవరైనా ఏదైనా గట్టిగా చెప్తే చాలు, "పైన బాగానే ఉండాది. తిప్పి చూద్దాం" అనేది.

మా బస్సులో రెండు పక్కలా సీట్లు, మధ్యలో దారి. ఎడమ వైపు తలుపు పక్క, కుడి వైపు డ్రైవర్ పక్క. బస్సు పెనుకొండ దాటి హైవే ఎక్కగానే ఆమె ఒళ్ళో ఉన్న అన్నం డబ్బా మూత మీద గోటితో టక్కు టక్కుమని కొట్టేది. ప్రశ్న వస్తోందని అర్థం. ప్రశ్నకు 'అవును' అనేవాళ్ళు తలుపు పక్క కూర్చోవాలి. 'కాదు' అనేవాళ్ళు డ్రైవర్ పక్క కూర్చోవాలి. మధ్యలో నిలబడకూడదు. వాదన నడుస్తుండగా మనసు మారితే లేచి సీటు మారాలి.

"నోటితో అయితే ఎవరన్నా ఏమన్నా చెప్తారు. లేచి పోయి కూచుంటే తెలుస్తాది" అనేది.

నేను పనిలో చేరేటప్పటికే ఈ పద్ధతి ఉంది. మొదట్లో నాకు పిచ్చిగా అనిపించింది. పొద్దున్నే లేచి, సంగటి గెలికి, పిల్లలకు తల దువ్వి, పరుగెత్తుకొని వచ్చి బస్సులో కూర్చుంటే కాస్త కునుకు తీయాలనిపిస్తుంది కదా. ఆమె నిద్రపోనిచ్చేది కాదు.

ఒకరోజు వెనక కనిపిస్తున్న పెనుకొండ కొండ చూపించి అడిగింది.

"ఆ కొండమీద కోట ఉండాది కదా. ఎవరో వచ్చి గెలుచుకున్నారంట. రాజు ఓడిపోయినాడు, సరే. లోపల వంట చేసే ఆడోళ్ళు కూడా ఓడిపోయినట్టేనా?"

మాలో అందరికంటే పెద్దది నాగమ్మత్త. గుండీల మిషన్ దగ్గర పని చేస్తుంది. ఆమె తలుపు పక్కనే ఉండి, "రాజు ఓడితే అందరూ ఓడినట్టేమే. దాంట్లో అడిగేదేముండాది?" అంది.

డ్రైవర్ పక్కనుంచి ఒక పిల్ల అంది. "వాళ్ళకేమత్తా, పొయ్యి అదే, కట్టెలు అవే. ఉప్పు తక్కువైతే పాత రాజు తిడతాండె, కొత్త రాజూ తిడతాడు. భాష మారింటాది, అంతే."

బస్సంతా నవ్వులు. బాషన్న కూడా నవ్వి, "నేను చూడండమ్మా, మీరేం అడిగినా కాదు పక్కనే. స్టీరింగు ఈడనే పెట్టినాడు కంపెనీవాడు" అన్నాడు. ఈ మాట ఆయన వారానికి ఒకసారైనా అనేవాడు. మేము వారానికి ఒకసారైనా నవ్వేవాళ్ళం.

ప్రశ్నలన్నీ ఆమెవే కావు. ఇస్త్రీ దగ్గర పనిచేసే ఒకామె ఒకరోజు తనే డబ్బా తీసుకొని మూత మీద కొట్టింది. కంటి కింద కమిలిపోయి ఉంది. "మా ఆయన తాగినప్పుడు కొట్టినాడు. పొద్దున తాగనోడు లేచి కాళ్ళు పట్టుకుంటాండాడు. ఆ ఇద్దరూ ఒకడేనా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. సగం మంది అటు, సగం మంది ఇటు అయ్యారు. "ఒకడే. అన్నం తినేది ఒక్క నోటితోనే కదా" అన్నారు కొందరు. "ఒకడైతే ఆ కాళ్ళు పట్టుకునేది ఎవరు మరి?" అన్నారు ఇంకొందరు. ఆ రోజు సోమందేపల్లి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో మాకు తెలియలేదు. దిగేటప్పుడు అక్క ఇస్త్రీ ఆమె భుజం మీద చెయ్యేసి, "నువ్వు ఎటు కూచున్నావో నేను చూళ్ళా" అంది. "నేను రెండు పక్కలా కూచున్నాక్కా" అంది ఇస్త్రీ ఆమె.

ఆమె గెలవడం నేను ఎప్పుడూ చూడలేదు. ప్రశ్న అడిగేది, ఒక పక్క కూర్చునేది, ఎవరో ఏదో అనగానే కళ్ళు చిన్నవి చేసి కాసేపు ఆలోచించి, డబ్బా ఎత్తుకొని ఆ పక్కకు పోయేది. ఒక్కో రోజు మూడు నాలుగు సార్లు మారేది. మేము ఏడిపించేవాళ్ళం.

"ఏమక్కా, నీ ప్రశ్నకు నువ్వే ఓడిపోతాండావు?"

"ఓడిపోతే ఏమప్పా, కిటికీ సీటు దొరికింది."

ఆమె అందరికీ నచ్చేదని చెప్పలేను. కొన్ని ప్రశ్నలు గుచ్చుకునేవి. అత్తవారింట్లో గొడవై ఏడుస్తూ బస్సెక్కిన ఒక పిల్లను, "ఏడ్చేటప్పుడు మనకోసం ఏడుస్తామా, చూసేవాళ్ళ కోసమా?" అని అడిగింది. ఆ పిల్ల చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. తప్పయిందని ఆమెకు తెలుసు. ఆ పిల్ల డబ్బాలో రోజూ తన కూర వేసేది. ఆ పిల్ల తినేది, కానీ మాట్లాడేది కాదు.

నన్ను ఆమె తొందరగానే పట్టేసింది. నేను ఎప్పుడూ ఆఖర్న లేచేదాన్ని. ఎటు ఎక్కువమంది ఉంటే అటు పోయి కూర్చునేదాన్ని. చదువుకున్న పిల్లలు కొందరు బస్సులో ఉన్నారు, ఇంటర్ దాకా పోయినవాళ్ళు. ఏదైనా మాట్లాడితే నవ్వుతారని భయం. ఒకరోజు ఆమె నా జాకెట్టు అంచు తిరగేస్తూ మెల్లగా అంది.

"నువ్వు ప్రశ్న వినవు. తలకాయలు లెక్కబెట్టి కూచుంటావు."

నాకు సిగ్గేసి తల వంచుకున్నాను.

"తప్పు కాదులే. ఎప్పుడన్నా ఒకసారి ఒక్కదానివే కూచో. గాలి బాగా వస్తాది."

ఇక ఆ ప్రశ్న. అది అడిగిన రోజు ఎండాకాలం మొదట్లో. డబ్బా మూత మీద కొట్టి, "తప్పు మనది కాదు. కానీ జరిగింది మనం చూసినాం. చెప్తే మనకు కష్టం. చెప్పకపోతే ఇంకొకరికి కష్టం. చెప్పల్లా?" అంది.

ఆ రోజు వాదనే లేదు. ఒక్కొక్కరే లేచి అందరూ తలుపు పక్కకు వచ్చేశారు. ముగ్గురు కూర్చునే చోట ఐదుగురు. ఒళ్ళో కూర్చున్నవాళ్ళు, కమ్మీ పట్టుకొని వేలాడేవాళ్ళు. "చెప్పల్ల, చెప్పకపోతే ఎట్ల?" అని ఒకటే గోల. నేనూ వాళ్ళలోనే. డ్రైవర్ పక్క సీట్లు మొత్తం ఖాళీ.

బాషన్న అద్దంలో చూసి అరిచాడు. "బండి ఒరిగిపోతాది! కొందరన్నా అబద్ధం చెప్పి ఇటు రాండమ్మా!"

అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె మాత్రం మా మధ్యలో ఇరుక్కొని, ఖాళీగా ఉన్న ఆ సీట్ల వైపే చూస్తూ, "ఇంత తొందరగా ఒప్పుకుంటే నాకు భయమైతాది" అంది. తిప్పి చూద్దాం అంటుందనుకున్నాను. అనలేదు. హిందూపురం వచ్చేసింది.

సూది సంగతి జరిగింది ఆ తర్వాతే. మా పనిలో సూది విరగడం మామూలే. విరిగితే కుట్టడం ఆపి చెయ్యి ఎత్తాలి. ముక్కలన్నీ వెతికి ఇవ్వాలి. అవన్నీ కలిపితే పూర్తి సూది కావాలి. అప్పుడే కొత్తది ఇస్తారు. చిన్న ముక్క దొరక్కపోయినా లైను ఆపి కుట్టిన బట్టలన్నీ వెతకాలి. పసిపిల్లలు వేసుకునే బట్టలు కదా, ఆ ముక్క ఎక్కడ ఉంటుందో ఎవరికి తెలుసు.

ఆ రోజు నా మిషన్ సూది విరిగింది. పై ముక్క మిషన్‌కే ఉంది. మొన కనపడలేదు. నేను చెయ్యి ఎత్తాను. మా లైను సూపర్‌వైజర్ పరుగెత్తుకొని వచ్చింది. నా వయసుదే, ఇద్దరు చిన్నపిల్లల తల్లి.

"సరుకు ఈపొద్దే పోవల్ల. ఇప్పుడు లైను ఆపితే నన్ను నిలబెట్టి కడుగుతారు. అన్నాల టయానికి వెతుకుదాం. కుట్టు, కుట్టు" అని తన కోటు జేబులోంచి కొత్త సూది తీసి నా చేతిలో పెట్టింది.

అన్నాల టైముకు సూపర్‌వైజర్ రాలేదు. నేనొక్కదాన్నే మిషన్ కింద పాకుతూ వెతికాను. మొన దొరకలేదు. మళ్ళీ పోయి చెప్పాను. "సరేలే, చూద్దాం" అంది.

చొక్కాలు అట్టపెట్టెల్లోకి పోయే ముందు ఇనుము ఉంటే కూసే ఒక మిషన్ గుండా పోతాయి. సాయంత్రం అది కూసింది. లైన్లన్నీ ఆగిపోయాయి. ఫ్లోర్ ఇన్‌చార్జి సార్ ఆ చొక్కా పట్టుకొని వచ్చాడు. కాలర్‌లో నా సూది మొన. కాలర్లు కుట్టేది నేనే.

"ఎప్పుడు విరిగింది? ఏమిటికి చెప్పలేదు?" అన్నాడు.

సూపర్‌వైజర్ నా కంటే ముందే, "నాకు చెప్పలా సార్" అంది. చెయ్యి కోటు జేబు మీద ఉంది.

"చెప్పినా సార్" అన్నాను. సార్ నా వైపు చూడను కూడా లేదు. లైను మొత్తం చూస్తూ, "ఈమె చెప్పింది ఎవరన్నా చూసినారా?" అని అడిగాడు.

నా ముందు మిషన్ ఆమె చూసింది. వెనక ఆమె చూసింది. గుండీలు కుట్టే నాగమ్మత్త చూసింది. అందరూ తమ తమ మిషన్ల మీదికి వంగారు. ఒకామె అయిపోయిన దారపు ఉండను మళ్ళీ మళ్ళీ సర్దుతోంది. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి ఫ్యాన్ల శబ్దం ఒక్కటే వినపడుతోంది.

అప్పుడు చెకింగ్ టేబుల్ దగ్గర్నుంచి ఆమె గొంతు వచ్చింది.

"చెప్పింది సార్. నేను చూసినా. చెయ్యి ఎత్తింది. ఈయమ్మ వచ్చి, జోబులోంచి కొత్త సూది తీసిచ్చి కుట్టమనింది."

సార్ ఆమె వైపు తిరిగాడు. "సుమ్మనే ఉండు నువ్వు. నిన్ను అడిగినానా?"

"ఎవరన్నా చూసినారా అన్నారు కదా సార్. నేనూ ఎవరో ఒకర్నే కదా."

ఎవరో సన్నగా నవ్వారు. ఆ నవ్వే ఆమెకు చేటు చేసిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను. సార్ మొహం ఎర్రబడింది.

"ఈ చొక్కా నీ టేబుల్ దాటే వచ్చింది కదా? బట్టలు చూడమని పెడితే మనుషుల్ని చూస్తాండావా? రేపట్నుంచి రావాల్సిన పని లేదు."

పక్కనున్న క్లర్క్ ఏదో గొణిగాడు, నా వైపు చూపిస్తూ. సార్ చెయ్యి విదిలించాడు. "ఈమెను ఉండనీ. చెకర్లు ఎంతమందైనా దొరుకుతారు. కాలర్ వేసేవాళ్ళు యాడ దొరుకుతారు?"

ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. నా పని పోలేదు. పిల్ల ఫీజు, ఇంటి బాడుగ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నుంచి పక్కకు తొలిగాయి. ఎంతసేపో కాదు, ఒక ఊపిరి తీసుకున్నంతసేపు. తర్వాత తల ఎత్తితే ఆమె కత్తెర టేబుల్ మీద పెట్టి డబ్బా సంచిలో వేసుకుంటోంది. ఆ ఊపిరి గుర్తొస్తే ఈ రోజుకీ నా చెవులు వేడెక్కుతాయి. నేను ఏ తప్పూ చేయలేదు. సూది విరిగితే చెప్పాను. అడిగితే చెప్పాను. అయినా ఎందుకు ఇంత సిగ్గు అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆమె బతికి ఉంటే అది మంచి ప్రశ్న అనేది.

నా మిషన్ పక్కనుంచి పోతూ ఆమె నా జాకెట్టు అంచు పట్టుకుంది. తిరగేసి చూసింది. వదిలేసింది.

మరుసటి రోజు పొద్దున పెనుకొండలో బస్సెక్కాం. ఆమె లేదు. ముందు ఎక్కినామె డ్రైవర్ పక్క కూర్చుంది. రెండో ఆమె కూడా. నాగమ్మత్త మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కి, తలుపు పక్కన ఖాళీగా ఉన్న తన రోజువారీ సీటు ఒకసారి చూసి, పోయి డ్రైవర్ పక్క ఇరుక్కుంది. సోమందేపల్లిలో ఎక్కినవాళ్ళు కూడా ఏమీ అడగకుండా అటే పోయారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పల్లా అని ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నిజం జవాబు చెప్తున్నారు. ముగ్గురి చోట ఐదుగురు. తలుపు పక్క అంతా ఖాళీ. బాషన్న అద్దంలో చూశాడు. బండి ఒరుగుతుందని అనలేదు.

నేను ఎటు కూర్చోవాలి? వాళ్ళతో కూర్చోవడానికి నేను చూసీ చెప్పనిదాన్ని కాదు. తలుపు పక్క కూర్చోవడానికి ఇంకొకరి కోసం నోరు తెరిచినదాన్నీ కాదు. నాకోసం ఇంకొకరు నోరు తెరిచారు. హిందూపురం దాకా మధ్యలో కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. నిలబడకూడదు అని ఎవరూ అనలేదు.

నాలుగు రోజులకు మళ్ళీ రెండు పక్కలా కూర్చున్నారు. ఎన్నాళ్ళు ఇరుక్కుంటారు? కానీ డబ్బా మూత మీద ఇక ఎవరూ కొట్టలేదు. పాటలు పెట్టుకున్నారు, నిద్రపోయారు. తలుపు పక్క, డ్రైవర్ పక్క, రెండూ ఉత్త సీట్లయిపోయాయి.

ఆమె పెనుకొండలో బాడుగ ఇల్లు ఖాళీ చేసి ధర్మవరంలో తమ్ముడి ఇంటికి పోయిందని తెలిసింది. ఒక ఆదివారం రైలెక్కి పోయాను. పోయి కాళ్ళు పట్టుకోవాలని, నీ మేలు మర్చిపోనని చెప్పాలని దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. అరటిపండ్లు కొన్నాను.

ముందుగదిలో మగ్గం ఉంది. తమ్ముడు గుంతలో కాళ్ళు పెట్టి కూర్చొని నేస్తున్నాడు. ఆమె ఈవలి గోడ పక్కన కూర్చొని రాట్నం మీద పట్టుదారం కండెలకు చుడుతోంది. నన్ను చూసి, "వచ్చినావా! కూచో, కూచో" అంది. రాట్నం ఆపలేదు.

నేను నోరు తెరవగానే, "ఆ మాట వద్దు. నాకు తెలుసు ఏమి చెప్పనీకి వచ్చినావో" అంది. కాసేపు దారం తిప్పి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఒకటి అడుగుతా. నన్ను ఓదార్చొద్దు. నిజంగా తెలీకనే అడుగుతాండా. నాకు నీమీద కోపమొస్తాండాది."

నేను అరటిపండ్ల కవర్ ఇంకో చేతికి మార్చుకున్నాను.

"నువ్వేం చేసినావు? ఏం చేయలా. సార్ మీద రావల్ల, ఆ సూపర్‌వైజర్ మీద రావల్ల. వాళ్ళ మీద రావడంలే. పొద్దున లేస్తానే, ఇప్పుడు బస్సెక్కింటాది, ఇప్పుడు మిషన్ మీద కూచునింటాది అని నీమీదనే వస్తాది. ఎవరన్నా అడిగితే మళ్ళీ చెప్తా, దాంట్లో అనుమానం లే. కానీ ఒకరికి మేలు చేసి, మళ్ళా వాళ్ళమీదనే కోపం పెట్టుకుంటే, అది ఇంకా మేలేనా?"

"అక్కా..."

"అక్కా గిక్కా కాదు. ఈ గోడ పక్క అవును. మగ్గం పక్క కాదు. యాడ కూచుంటావో కూచో."

తమ్ముడు నేత ఆపి మా ఇద్దర్నీ చూశాడు. మేలే అని గోడ పక్క కూర్చుంటే, ఆమె పోగొట్టుకున్నది నేను తీసుకొని బాగానే ఉందని చెప్పినట్టు ఉంటుంది. కాదని మగ్గం పక్క కూర్చుంటే, ఆమె చేసిన ఒక్క పనిని కాలితో తన్నినట్టు ఉంటుంది. అరటిపండ్ల కవర్ పట్టుకొని గది మధ్యలో నిలబడ్డాను.

"మధ్యలో నిలబడకూడదని మన బస్సులో రూలు కదా?" అంది. ఈసారి కొంచెం నవ్వింది. "సరే పో. ఆలోచించుకొని రా. తొందరేం లే."

పండ్లు గడప దగ్గర పెట్టి వచ్చేశాను. పోదాం పోదాం అనుకుంటూ ఆదివారాలు గడిచిపోయాయి. జవాబు లేకుండా ఏ మొహం పెట్టుకొని పోవాలి? ఒకసారి స్టేషన్ దాకా పోయి, రైలు వస్తుండగా వెనక్కి తిరిగి వచ్చాను. ఆమెకు ఒంట్లో బాగాలేదని కూడా నాకు తెలియదు.

బాషన్న చెప్పిన రోజు పనికి పోలేదు. సోమందేపల్లిలో దిగి, వెనక్కి పెనుకొండ వచ్చి, ధర్మవరం పోయాను. అన్నీ అయిపోయాయి. మగ్గం ఆగి ఉంది. రాట్నం గోడకు ఆనించి పెట్టారు. తమ్ముడు నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వు ఆ నిలబడుకున్నామె కదా?"

తల ఊపాను.

"అక్క అడుగుతాండె, ఆమె వచ్చిందా అని. జవాబు చెప్పేదానికి వస్తాదిలే, ఆ పిల్లకు కొంచెం టయం పడతాది అంటాండె." ఆయన మామూలుగానే చెప్పాడు. నన్ను ఏమీ అనాలని చెప్పలేదు. కానీ ఆ గదిలో నేను తల ఎత్తలేకపోయాను. గోడ పక్క ఆమె కూర్చునే చోట చాప చుట్టి పెట్టి ఉంది.

మరుసటి రోజు బస్సెక్కాను. హైవే వచ్చేదాకా ఆగాను. సంచిలోంచి డబ్బా తీసి మూత మీద గోటితో కొట్టాను. గట్టిగా రాలేదు. మళ్ళీ కొట్టాను. పాట పెట్టుకున్న పిల్ల ఫోన్ ఆపింది. నిద్రపోతున్నవాళ్ళు కళ్ళు తెరిచారు. మొదటిసారి చెప్పింది బస్సు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. రెండోసారి చెప్పాను.

"ఒకరికి మేలు చేసి, మళ్ళీ వాళ్ళమీదనే కోపం పెట్టుకుంటే, అది మేలేనా?"

అది ఎవరి ప్రశ్నో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నాగమ్మత్త అంది. "ముందు నువ్వు కూచోమే."

నేను తలకాయలు లెక్కబెట్టలేదు. లేచి దారి దాటి తలుపు పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ వరసలో ఉన్న ఇద్దరు పిల్లలు, ఏమనుకున్నారో, లేచి అవతలికి పోయారు. ఒక్కదాన్నే అయ్యాను.

"మేలే" అన్నాను. "నేను ధర్మవరం పోతే ఆమే చెప్పింది, నామీద కోపమొస్తాండాదని. రానీ. రావల్సిందే వచ్చింది. అయినా ఆమె చేసింది మేలే."

నాగమ్మత్త మోకాళ్ళ మీద చేతులు వేసుకొని లేచింది. నా పక్కకు వస్తుందనుకున్నాను. డ్రైవర్ పక్కకు పోయి కూర్చుంది.

"కాదు పాపా. ఆమె చెప్పినప్పుడు మేలే. కోపమొచ్చినంక అది మేలు కాదు, అప్పు. ఆ అప్పు నీది కాదు. చూసి కూడా నోరు మూసుకొని కూచున్నాం కదా, మాది. నువ్వు మోస్తాండావు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆమె నీమీద కోపగించుకునేది ఎందుకో తెలుసునా? నువ్వొక్కదానివే పోయి ఎదురుగా నిలబడితివి. మేము పోలా."

ఇస్త్రీ ఆమె లేచి నా పక్కకు వచ్చింది. "కోపమొస్తే చేసిన పని మారిపోతాదా అత్తా? కుట్టిన కుట్టు విప్పినట్టా?" అంది. అవతలి నుంచి ఇంకొకామె ఏదో అంది. ఇంకొకామె లేచింది. సోమందేపల్లి వచ్చేసరికి బస్సులో ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. బాషన్న అద్దంలో అందర్నీ చూస్తున్నాడు.

నాగమ్మత్త మాట నాలో తిరుగుతూనే ఉంది. అది మేలు కాదు, అప్పు అన్నది నిజమేనా? వింటున్నకొద్దీ నిజమేనేమో అనిపించింది. ఆమె అయితే ఈపాటికి కళ్ళు చిన్నవి చేసి, డబ్బా ఎత్తుకొని, సిగ్గు లేకుండా ఆ పక్కకు పోయుండేది.

నేను డబ్బా ఎత్తాను. సగం లేచాను. కిటికీలోంచి గాలి మొహాన కొడుతోంది.

ఇక్కడ కూర్చోవడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. మళ్ళీ కూర్చున్నాను.